మూత మీద కుర్చీ

నాచారం పారిశ్రామికవాడ పక్కన, ఒక బస్తీలో, ఒక చర్చి ఉందనుకోండి. క్రిస్మస్ ముందు శనివారం గేటు ఎదుట మ్యాన్‌హోల్ పొంగి, మురుగు మెట్లదాకా వచ్చింది. తెల్లారితే ప్రభు బల్ల. సంఘపెద్దలు కబురు పెట్టగానే, ప్రతి ఆదివారం చివరి వరుసలో కూర్చునే మనిషి గడ్డపార, వెదురుబద్ద పట్టుకుని వచ్చాడు. మూత లేపి బద్దతో ఎంతసేపు పొడిచినా నీళ్లు కదల్లేదు. చొక్కా విప్పి గేటుకు తగిలించాడు.

"జర దిగి చూడు తమ్మీ, మేం ప్రార్థన చేస్తుంటం" అన్నాడు ఒక పెద్ద.

ఎదురింటి అవ్వ వచ్చి "మూత పెట్టు బిడ్డా" అంది. పెట్టాక దాని మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంది.

"లే అవ్వా, రేపు ఆరాధన ఉంది" అన్నారు పాస్టర్‌గారు.

"మిషన్ వచ్చేదాక లేవనయ్యగారూ. యిర్మీయాను బురదగుంటల దింపితే ఎబెద్మెలెకు మోకాళ్లేసి ఊకున్నడా? సక్కగ రాజు దగ్గరికి వోయిండు, ఆ మనిషి సచ్చిపోతడని మొకం మీద చెప్పిండు. ముప్పైమందిని తోలుకొచ్చిండు. తాళ్లు కోసుకుంటయని సంకల కింద పాతగుడ్డలు గూడ పెట్టుకొమ్మన్నడు. మీరు చెప్పిన వాక్యమే గద!"

పాస్టర్‌గారు జలమండలి నంబరు 155313కు ఫోన్ చేశారు. ఆ రాత్రి ఎవరూ రాలేదు. ఆదివారం సంఘమంతా చీరలు, పంచెలు ఎత్తిపట్టుకుని మురుగు దాటి లోపలికి వెళ్లింది. ఆ వాసనలోనే రొట్టె విరిచారు. సోమవారం మధ్యాహ్నం జెట్టింగ్ మిషన్ వచ్చింది. చివరి వరుస మనిషి రోడ్డు మీదే నిలబడి పైపు అందించాడు.

నీతి: సాటి మనిషిని గుంతలోకి దింపి గట్టు మీద చేసే ప్రార్థన దేవునికి చేరదు. ముందు అతన్ని దిగనివ్వకూడదు, ఆ తర్వాత రాజు దగ్గరికి వెళ్లాలి. ఈలోపు కంపు మనం భరించాలి.

ఇది కథే. కానీ ఆ గుంతలో విషవాయువులు నిజం. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కుకు వాసన కూడా తెలియదు, మనిషి కేక వేసేలోపే కూలిపోతాడు. కాపాడాలని దిగిన రెండోవాడూ పోతాడు. రక్షణ సాధనాలు లేకుండా మురుగు గుంతలోకి మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. తొలిసారికే రెండేళ్లదాకా జైలు, రెండు లక్షలదాకా జరిమానా, లేదా రెండూ. దింపింది కాంట్రాక్టరైనా చర్చి కమిటీ అయినా చట్టానికి ఒకటే.

రాజు దగ్గరికి వెళ్లినవాళ్లు మనలోనే ఉన్నారు. కోలార్ బంగారు గనుల్లో పాకీపని చేసిన తెలుగు దళిత క్రైస్తవ కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్‌కు 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. ఆయన సంస్థ సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టు తలుపు తట్టింది. పదకొండేళ్లకు, 2014లో, మురుగు గుంతలో చనిపోయినవారి కుటుంబానికి పది లక్షలివ్వాలని తీర్పు వచ్చింది. 2023లో ఆ మొత్తాన్ని కోర్టు 30 లక్షలు చేసింది. 2025 జనవరిలో హైదరాబాద్ సహా ఆరు మహానగరాల్లో మనుషులతో మురుగు తీయించడం ఆపాలని ఆదేశించింది.

ఆదేశం ఢిల్లీలో వచ్చింది, మూత మాత్రం మన వీధిలో ఉంది. దిగేవాళ్లలో ఎక్కువమంది దళితులు, వాళ్లలో ఎందరో మన విశ్వాసులు. వాళ్లకు క్రిస్మస్‌కు దుప్పటి పంచి ఇంటికి వచ్చేస్తే నా మనసు ఒప్పుకోదు. ఉప్పల్, నాచారం సంఘాలు ఈ వారమే కమిటీలో తీర్మానం రాసి సంతకాలు పెట్టాలి: మా వీధిలో ఎవరినీ దింపం, దింపనివ్వం. ఒకప్పుడు దిగి చనిపోయినవారి భార్య మన సంఘంలో ఉంటే, పరిహారం అందిందో లేదో అడగాలి. అందకపోతే కాగితాలతో ఆమెను మేడ్చల్ మల్కాజ్‌గిరి కలెక్టరేట్‌కు తీసుకెళ్లే మనిషి ఎవరో అక్కడికక్కడే పేరు రాయాలి.