ఆట విడిచిన పిదప

విజయవాడ యొద్ద 1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజీపై నిలిచి, ఇరుప్రక్కల కాలువలలోనికి మరలి డెల్టా పొలములకు సాగిపోవు కృష్ణాజలమును చూచునపుడెల్ల, కర్మము ముగిసిన పిదప కర్త యేమగునను ప్రశ్న నా మనమున పొడమును; అపుడొక ఆటగాఁడు నా తలఁపునకు వచ్చును.

సికింద్రాబాదున పుట్టిన ఫుట్‌బాల్ క్రీడాకారుఁడు తులసీదాస్ బలరాం, 1956లో మెల్బోర్నునను 1960లో రోమునను ఒలింపిక్సులో ఆడి, హంగరీవంటి మేటిజట్టుపై గోలు సాధించి, 1962లో జకార్తా ఆసియా క్రీడలలో శిక్షకుఁడు రహీం ఆధ్వర్యమున స్వర్ణపతకము గెలిచిన జట్టులో నొకఁడై, మరుసటి యేడే, ముప్పదియేండ్లు నిండకమునుపే, అనారోగ్యముచే ఆట విడువవలసినవాఁడయ్యెను. జకార్తా తుదిపోటీలో దక్షిణ కొరియాపై గోలులు చేసినవారు పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగులు. అయినను ఆ విజయము బలరామునిది కాదనఁగలవా రెవరు?

బంతిని తోడివాని కందించుట యొక దానము. కాలువనీరు దివిసీమ చేలలో వరియై పండునే కాని, కంకిపై తన పేరు వ్రాసికొనదు. గీత ఫలాపేక్షను విడువుమన్నది గాని పనిని విడువుమనలేదు. శరీరమే పనిని విడిపించిన దినమున దుఃఖము లేదనుట యసత్యము. అయితే, వేసవిని కాలువలు కట్టివేసినపుడు నీరు పోయినను చేలలో ఒండ్రు మిగిలినట్లు, అభ్యాసముచే శుద్ధమైన చిత్తము మిగులునని నా తలంపు.