ఉగ్గుగిన్నె

తెనాలిలో ఒక ఇంటి కోడలు ప్రైవేటు బ్యాంకులో పనిచేసేది. చట్టం ఇచ్చిన 26 వారాల సెలవులో నాలుగు కాన్పుకు ముందే ఖర్చయిపోయాయి. మిగిలినవీ ఇంకో పది రోజుల్లో తీరతాయనగా ఇంట్లోకి పాలసీసా వచ్చింది. చంటిది దాన్ని చూసి మూతి తిప్పేసింది.

"ఆకలి రుచెరగదు. కడుపు కాలితే అదే తాగుతుంది" అంది అత్త. ఓ పూట రొమ్ము ఇవ్వకుండా ఆపారు. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. ఆ తర్వాత సీసా కనబడితే చాలు, ఏడుపు లంకించుకునేది. పక్కగదిలో జాకెట్టు తడిసిపోతుంటే తల్లీ ఏడ్చింది.

నాలుగో రోజున అత్తగారి తల్లి దిగింది. ఎనభై ఏళ్ళ మనిషి.

"పక్కనే విస్తరి కనబడుతుంటే అటుకులు ఎవరు తింటారే? నువ్వు కాసేపు గుడికెళ్ళిరా అమ్మాయ్" అని ముందు తల్లిని బయటికి పంపింది. మనవడి భుజాన అతని భార్య విడిచిన చీర వేసింది. పిల్ల నిద్రలేచి హుషారుగా ఉంది, ఆకలింకా ముదరలేదు. ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకోమంది. పాలపీకను గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, రెండు చుక్కల తల్లిపాలు రాసి, పెదవికి తాకించమంది. నోట్లో కుక్కితే ఊరుకోనంది. పిల్ల దాన్ని చిగుళ్ళతో నమిలింది, చప్పరించింది, తోసేసింది.

"ఇవాళ్టికి చాలురా" అని ముసలమ్మ సీసా తీసేసింది. ఐదు నిమిషాలు కూడా కాలేదు.

రోజూ ఇదే వరస. పిల్ల ఏడుపు మానింది గానీ, నాలుగు చుక్కలకు మించి తాగలేదు. సెలవు ఆఖరి రోజున ముసలమ్మ తన సంచిలోంచి వెండి ఉగ్గుగిన్నె తీసింది. కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టి పోసే పాత పద్ధతి కాదు. తల ఎత్తి పట్టుకుని, గిన్నె ముక్కు పెదవికి ఆనించి ఆగింది. పిల్లే నాలుకతో అందుకుంది. గిన్నె ఖాళీ అయింది.

"సీసా అలవాటు చేద్దామనుకున్నాం కదే అమ్మా" అంది అత్త.

"పాలు తాగిందిగా! నువ్వు పెరిగిందీ దీంతోనే."

నీతి: పసిబిడ్డతో పంతానికి దిగితే ఓడేది పెద్దలే.

ఉద్యోగానికి వెళ్ళే తల్లులకు ఒక మాట. బిడ్డకు సీసా, గిన్నె అలవాటు చేసే పని ఆఖరి పది రోజులకు వాయిదా వేయకండి, నెల ముందే మొదలుపెట్టండి. పిండిన పాలు 25 డిగ్రీల వేడి వరకు నాలుగు గంటలు నిలుస్తాయంటారు. మన ఎండల్లో ఆ 25 ఎక్కడిది? వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి, నాలుగు రోజుల్లోపు వాడేయండి. పొయ్యి మీద కాచొద్దు, వేడినీళ్ళ గిన్నెలో ఉంచితే చాలు. సీసా అయినా, ఉగ్గుగిన్నె అయినా శుభ్రంగా కడిగి, మరిగే నీళ్ళలో ఉడికించాకే బిడ్డ నోటికి తీసుకెళ్ళండి.