చెయ్యి రానివారు, చెయ్యి ఆగనివారు

ఒకే ఇంట్లో, ఒకే జీతం మీద బతికే ఇద్దరిలో ఒకరు పన్ను సలుపుతున్నా ఫీజుకు భయపడి డాక్టరు గడప తొక్కరు. మరొకరికి ఒకటో తారీఖున వచ్చిన జీతం పదో తారీఖుకే కరిగిపోతుంది. లెక్కలు రాక కాదు, స్వభావం అలాంటిది.

అమెరికాలో పరిశోధకులు స్కాట్ రిక్, సింథియా క్రైడర్, జార్జ్ లోవెన్‌స్టీన్ 2008లో ప్రచురించిన అధ్యయనంలో 13,000 మందికి పైగా పాల్గొన్నారు. డబ్బు తీసేటప్పుడు కలిగే బాధ కొందరికి మరీ ఎక్కువ, కొందరికి మరీ తక్కువ అని తేలింది. మొదటివాళ్లు చెయ్యి రానివారు, రెండోవాళ్లు చెయ్యి ఆగనివారు. ఒక ప్రయోగంలో '5 డాలర్ల రుసుము' అనకుండా '5 డాలర్ల చిన్న రుసుము' అన్నారు. అంతే, చెయ్యి రానివారిలో ఆ రుసుము కట్టడానికి ఒప్పుకున్నవాళ్లు పెరిగారు! వీళ్లను పిసినారులని వెక్కిరించడం అన్యాయం. దాచడంలో ఆనందం ఉండి దాచేవారు వేరు. ఖర్చు పెట్టలేక బాధపడే వీళ్లు వేరు.

ఈ రెండు రకాలవాళ్లూ తరచూ ఒకరినొకరు పెళ్లాడతారని, డబ్బు దగ్గరే గొడవ పడతారని రిక్ బృందం తర్వాత గమనించింది.

ఇప్పుడు ఫోన్‌తో స్కాన్ చేస్తే చాలు, నోటు చేజారిన బాధ కూడా ఉండదు. అందుకే చెయ్యి ఆగనివారు జీతం పడిన రోజే రికరింగ్ డిపాజిట్‌కు కొంత మళ్లించాలి, కూరగాయలకు, చిల్లర ఖర్చులకు నగదే వాడాలి. చెయ్యి రానివారు వైద్యానికి, పిల్లల సరదాలకు ముందే కొంత విడిగా పెట్టుకోవాలి. ఈ ఆదివారం భార్యాభర్తలిద్దరూ కలిసి కూర్చుని, ఒకరినొకరు తప్పుపట్టకుండా, వచ్చే నెల పద్దు రాసి చూడండి.