రాలిన పండు ఎవరిది?



శ్రావణ భాద్రపదములలో మన వాకాడు ప్రాంతపు తాటిచెట్ల క్రింద పండ్లు రాలును. పేదయింటి తల్లి తెల్లవారకముందే వాటిని ఏరి తెచ్చి, పీచునుండి గుజ్జు పిండి, బియ్యపు నూకయు బెల్లమును కలిపి, అరటియాకు పరచిన గిన్నెలో పోసి, క్రిందను మూతమీదను నిప్పులుంచి రొట్టె కాల్చును. ఆ వాసన వీధియంతయు వ్యాపించును. అప్పుడు చెట్టుగల ఆసామి, "నా పండే గదా, దయతలచి ఊరకుంటిని" అనవచ్చునా?

లేవీయకాండము 19:10 చదువుడి. రాలిన పండ్లను బీదలకును పరదేశులకును విడిచిపెట్టుమని అక్కడ ఉన్నది. పిలిచి పంచుమని లేదు. ఇచ్చినచోట పుచ్చుకొనువాడు తల వంచవలసి వచ్చును. విడిచినచోట ఏరుకొనువాడు తన కష్టము తాను తినును. రూతు ఏరుకొనుటకై కొన్ని కంకులు కావలెననియే పడవేయుడని, ఆమెను గద్దింపవద్దని బోయజు పనివారికి చెప్పెను (రూతు 2:16). ఆమె ఆకలితోపాటు ఆమె మర్యాదను కూడ అతడు తలంచెను.

అడిగినవారికి ఇయ్యవద్దని మేము చెప్పుట లేదు. అడుగవలసిన అవసరమే రాకుండ చేయుట అంతకంటె మేలు. కాబట్టి చెట్లుగలవారు ఈ ఏట తోటకు కొంచెము ఆలస్యముగా వెళ్లుడి. ఆ రొట్టెముక్క మీ యింటికి వచ్చినయెడల, కానుకయని కాదు, పొరుగింటి వంటయని తినుడి.