పూజగది పటం: ఇంటి ప్రింటా, ల్యాబ్ ప్రింటా?

పూజగదిలో పెట్టుకునే పటాన్ని ఇంట్లోని ప్రింటర్‌పై తీసుకోవాలా, ఫొటో ల్యాబ్‌లో వేయించాలా అన్నది పైకి ఖర్చు, నాణ్యతల లెక్కలాగే కనిపిస్తుంది. దాని అడుగున ఉన్న ప్రశ్న మాత్రం పాతది. ఆరాధించే రూపానికి విలువ ఎక్కడి నుంచి వస్తుంది? తయారైన పద్ధతి నుంచా, వాడిన పదార్థం నుంచా, ఎదుట కూర్చుని దణ్ణం పెట్టేవారి భావన నుంచా? రాతి విగ్రహం విషయంలో ఆగమాలు దీనికి వివరంగానే జవాబిచ్చాయి. ఫోన్‌లో తీసి, కాగితం మీదికి తెచ్చి, గాజు వెనక బిగించిన బొమ్మ గురించి ఆ గ్రంథాలు నేరుగా చెప్పే అవకాశం లేదు. అయినా వాటిలోని కొన్ని విభజనలు ఈ కొత్త ఎంపికకు అనుకోనంత దగ్గరగా వస్తాయి.

రంగారెడ్డి జిల్లా మహేశ్వరంలో ఈ ఎంపిక మాటవరసకు చెప్పేది కాదు. అక్కడి శివగంగ రాజరాజేశ్వరాలయం గోల్కొండ చివరి సుల్తాను తానీషా మంత్రులైన అక్కన్న మాదన్నల కాలం నాటిదని చెబుతారు. మధ్యలో కోనేరు, చుట్టూ చిన్న చిన్న శివాలయాలు ఉండే ఈ గుడికి శివరాత్రినాడు వచ్చినవాళ్ల ఫోన్లన్నీ ఫొటోలతో నిండుతాయి. వాటిలో ఒకదాన్ని గోడకెక్కించాలంటే ఇంటి ప్రింటర్ ఉంది, మండల కేంద్రంలో స్టూడియో ఉంది, తుక్కుగూడ మీదుగా హైదరాబాదు వెళితే పెద్ద ల్యాబ్ ఉంది. మధ్యదారి అనుకునే స్టూడియోలో చాలాచోట్ల నడిచేది ఇంట్లో ఉండేలాంటి ఆరు రంగుల ఇంకు ట్యాంకు ప్రింటరే. స్టూడియోలో వేయించామన్న తృప్తి ఒక్కటే అక్కడ అదనం.

భాగవతం ఏకాదశ స్కంధంలో కృష్ణుడు ఉద్ధవుడికి అర్చనా విధానం చెబుతూ ప్రతిమలను ఎనిమిది రకాలుగా లెక్కిస్తాడు. రాయి, కొయ్య, లోహం, మట్టి, చిత్రించిన రూపం, ఇసుక, మణి, చివరికి మనసులో నిలుపుకున్న రూపం కూడా అందులో ఉంటాయి. పటం చిత్రించిన రూపాల కిందికి వస్తుంది. ఆ వెంటనే రెండు నియమాలు వస్తాయి. స్థిరంగా నిలిపిన ప్రతిమకు రోజూ ఆవాహన చేసి పిలవడం, ఉద్వాసన చెప్పి సాగనంపడం అక్కర్లేదు. కదిలించగలిగిన దానికి చేయవచ్చు, మానవచ్చు. నేల మీద గీసుకున్న స్థండిలానికి మాత్రం రెండూ ఉండాలి. రెండో నియమం స్నానానికి సంబంధించింది. నీళ్లకు చెడిపోయే మట్టి ప్రతిమలకు, చిత్రాలకు అభిషేకం చేయరు, తుడిస్తే చాలు. పూరీలో కొయ్య విగ్రహాలైన జగన్నాథుడికి రోజువారీ స్నానం అద్దంలోని ప్రతిబింబానికి జరగడం ఈ ఆలోచనకు దగ్గరిదే.

ఈ జాబితాలో రూపాన్ని చేసిన చేయి ఎవరిదన్న ఊసు లేదు. శిల్పశాస్త్రాలు ఆ మాట ఎత్తుతాయి. శిల్పి నియమాలు, కొలతలు, అన్నిటికన్నా చివర కళ్లు తెరిపించే నేత్రోన్మీలనం, ఇవన్నీ ఆలయ బింబానికి చెప్పినవి. ఇంటి పటానికి సాధారణంగా ఎవరూ ప్రాణప్రతిష్ఠ చేయించరు. బజారు నుంచి తెచ్చి, తుడిచి, బొట్టు పెట్టి, దీపం వెలిగిస్తే అది దేవుడి పటమైపోతుంది. అందువల్ల ఏ యంత్రం మీద తయారైందన్నది పవిత్రతను తేల్చే ప్రశ్న కాలేదు. అది ఎంతకాలం ఉండాల్సిన రూపం, దానికి ఏ ఉపచారాలు జరుగుతాయి అన్నవే తేలాల్సిన సంగతులు. ఈ రెండు చోట్లే ఇంటి ప్రింటుకీ ల్యాబ్ ప్రింటుకీ తేడా నిజంగా బయటపడుతుంది.

ల్యాబ్‌లో సాంప్రదాయిక పద్ధతిలో వేసే ఫొటోకు వెండి లవణాలు పూసిన కాగితం వాడతారు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం లేజర్ కిరణాలు దాని మీద బొమ్మను గీస్తాయి. తర్వాత కాగితం డెవలపర్‌లో, బ్లీచ్-ఫిక్స్‌లో, కడిగే నీళ్లలో వరుసగా మునిగి, ఆరి బయటికొస్తుంది. వెండి అంతా కడుక్కుపోతుంది, రంగులు మాత్రం జెలటిన్ పొరల లోపల మిగులుతాయి. ఇంటి ఇంక్‌జెట్‌లో వెలుతురు ప్రమేయమే లేదు. కంటికి ఆనని ఇంకు చుక్కలను సన్నని రంధ్రాలు కాగితం పైపూత మీద చల్లుతాయి. ఈ తేడా చూపించి ల్యాబ్ ఫొటోనే అసలు ఫొటో అనీ, వెలుగు ముద్ర పడింది దాని మీదేననీ వాదించేవారు ఉన్నారు. వినడానికి బాగుంటుంది గానీ ఈ వాదం నిలవదు. కోనేటి గట్టున పడిన వెలుగు ఫోన్ సెన్సర్‌ను తాకిన క్షణంలోనే అంకెలుగా మారిపోయింది. ల్యాబ్ లేజర్ చదివేది ఆ అంకెలనే, ఇంటి ప్రింటర్ చదివేదీ వాటినే.

పూజగదిలో పటం పడే పాట్లు మామూలు గోడ మీది ఫొటోకు ఉండవు. కింద నువ్వుల నూనె దీపం వెలుగుతుంటుంది. దాని మసి, ఊదుబత్తి పొగ, సాంబ్రాణి ఆవిరి గాజు మీద పేరుకుని జిగురు పొరగా మారతాయి. శుక్రవారం తడిగుడ్డతో తుడిచి, గంధం అద్ది, దాని మీద కుంకుమ బొట్టు పెడతారు. ఆ తడి ఫ్రేం అంచున గాజుకీ చెక్కకీ మధ్య సందులోకి జారుతుంది. నీటిలో కరిగే డై ఇంకుతో తీసిన ప్రింటైతే ఆ ఒక్క చుక్క చాలు, పటం అడుగున దేవుడి పాదాల దగ్గర నీలం, గులాబీ రంగులు కలిసి పాకుతాయి. ల్యాబ్ కాగితంలో రంగు జెలటిన్ లోపల ఉంటుంది కాబట్టి కొద్దిపాటి తడిని వెంటనే ఒత్తితే తట్టుకుంటుంది. కరగని రంగు రేణువులుండే పిగ్మెంట్ ఇంకుతో తీసిన ప్రింట్లు కూడా తడికి, వెలుతురుకు బాగానే నిలుస్తాయి. కానీ ఇళ్లలో కొనేవి ఎక్కువగా డై ఇంకువే. వాటిలోనూ చవకగా దొరుకుతుందని వేరే కంపెనీ ఇంకు పోస్తే రంగు ఎన్నాళ్లుంటుందో చెప్పలేం. ఏ ప్రింటైనా గాజుకు నేరుగా ఆనించకూడదు. వానాకాలపు చెమ్మకు ఉపరితలం గాజుకు అతుక్కుపోతుంది, విప్పబోతే ముఖం గాజుతోనే ఊడొస్తుంది. ఫ్రేం కట్టేవాడిని అడిగి మధ్యలో మౌంట్ అట్ట పెట్టించుకుంటే ఆ గండం తప్పుతుంది. చిత్రాన్ని తుడిస్తే చాలన్న పాత నియమానికి ఇక్కడ రసాయనశాస్త్రం కూడా వత్తాసు పలుకుతుంది.

వ్రతానికో, నవరాత్రులకో కొన్ని రోజులు పెట్టి ఉద్వాసన చెప్పే రూపం స్థండిలం లాంటిది. దానికి ఇంటి ప్రింటు ధారాళంగా సరిపోతుంది. ఏళ్ల తరబడి ఒకే మేకుకు వేలాడే పటానికి స్థిర ప్రతిమ లక్షణం వచ్చేసినట్టే. అలాంటిది ల్యాబ్‌కు పంపదగినది. డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న) లెక్కల కన్నా ఈ కొలత నమ్మదగింది.

ప్రతుల సంగతి మరో చిక్కు. చేర్యాల నకాశీ చిత్రకారులు గుడ్డ మీద గీసే పటం ఒక కథకుల బృందానికి, ఒక కులపురాణానికి అంటిపెట్టుకుని ఉండేది. 1894లో రాజా రవివర్మ బొంబాయిలో లితోగ్రాఫ్ ముద్రణాలయం పెట్టాక లక్ష్మి, సరస్వతి ఒకే ముఖంతో ఊరూరికీ చేరారు. గుడిలోకి రానివ్వని కులాలవారి ఇళ్లలో కూడా దేవుడు గోడ మీద కొలువుదీరడానికి ఈ అచ్చు పటాలు తోడ్పడ్డాయి. యంత్రం ప్రతులు తీసేకొద్దీ కళాఖండం చుట్టూ ఉండే మహిమ తరిగిపోతుందని జర్మన్ తత్త్వవేత్త వాల్టర్ బెంజమిన్ 1930లలో రాశాడు. తెలుగువారి గోడల మీద జరిగింది దానికి వ్యతిరేకం. వేల ప్రతుల్లో ఒకటైన పటం ఒక ఇంటి మసి, ఒక ఇంటి బొట్టు పట్టి, ఆ ఇంటికి మాత్రమే చెందినదైంది. మాయాబజార్ (1957) తర్వాత కృష్ణుడి వేషంలోని ఎన్.టి. రామారావు ఫొటోలు పూజగదుల్లోకి వెళ్లినప్పుడు అవి ఏ స్టూడియోలో తీసినవో ఎవరూ అడగలేదు. తిరుమలలో మూలవిరాట్టును ఫొటో తీయడం నిషిద్ధం. కాబట్టి ఇళ్లలోని వేంకటేశ్వరుడి పటాలకు మూలం చాలావరకు చిత్రకారుల కుంచె. భక్తికి అది కొరతగా తోచలేదు. మూలానికీ ప్రతికీ ఉన్న దూరం మీద ఆధారపడని పవిత్రత ఇది. ఆ లెక్కన ఒకే ఫైలు నుంచి ఇంట్లో తీసిన ప్రతికీ ల్యాబ్ ప్రతికీ హెచ్చుతగ్గులు చెప్పడం కుదరదు.

పోయినవారి ఫొటో దగ్గరికొచ్చేసరికి లెక్క మారుతుంది. శ్రాద్ధకర్మలో అసలు రూపమే ఉండదు. తండ్రి, తాత, ముత్తాతలను వసు, రుద్ర, ఆదిత్య రూపులుగా భావించి, పేరూ గోత్రమూ చెప్పి, దర్భలు, నువ్వులు, పిండాలతో తృప్తిపరుస్తారు. తెలంగాణలో పెత్రమాసనాడు పెద్దలకు బియ్యమిచ్చేటప్పుడు కూడా తలచుకునేది పేర్లనే. దండ వేసిన ఫొటో దీనికి తర్వాత వచ్చి చేరింది. అది దేవుడి పటంలా ఏ రూపమైనా సరిపోయేది కాదు. అదే మనిషి కావాలి, చూడగానే మా నాయనే అనిపించాలి. పోలిక తప్పితే పటం వ్యర్థం.

అందుకే దినాలకు ముందు స్టూడియోలో జరిగే పని చిత్రంగా ఉంటుంది. పెద్దాయనకు విడిగా తీసిన ఫొటో ఉండదు. ఎవరిదో పెళ్లిలో దిగిన గుంపు ఫొటో వాట్సాప్‌లో పంపుతారు. కుర్రాడు పక్కవాళ్ల భుజాలు కోసేసి, వెనక నీలం రంగు నింపి, మాసిన అంగీ మీద కోటు తొడిగి, ముడతలు తుడిచి 12×18 అంగుళాల పటం తయారుచేస్తాడు. ఆ సైజుకు అంగుళానికి 300 చుక్కల చొప్పున 3600×5400 చుక్కలు కావాలి. వాట్సాప్ మామూలుగా కుదించి పంపే ఫొటో పొడవు సుమారు 1600 చుక్కలే. అంటే అంగుళానికి 90 కూడా రావు, అదీ ఫొటో మొత్తాన్ని వాడితే. గుంపులోంచి కోసిన ముఖానికైతే ఇంకా తక్కువ. ఏ ల్యాబ్ యంత్రమూ లేని చుక్కలను పుట్టించలేదు. సాఫ్ట్‌వేర్ పుట్టిస్తే ఆ కళ్లు ఎవరివో చెప్పలేం. కోటు తొడగడం మర్యాద కిందికి వస్తుంది. ముఖాన్ని ఊహించి నింపడం మాత్రం పోలిక కోసమే ఉన్న పటంలో పోలికను దెబ్బతీయడమే. ఇలాంటిచోట ఎక్కడ ప్రింటు వేయించాలన్న దానికన్నా అసలు ఫైలును డాక్యుమెంటుగా తెప్పించుకోవడం, చిన్న సైజుతో సరిపెట్టుకోవడం ముఖ్యం. 8×10లో నిజంగా కనిపించే ముఖం 12×18లో అలికినట్టుండే ముఖం కన్నా మేలు.

బొమ్మ ఎవరి కంట పడుతుందన్నది ఇంకో ధర్మసందేహం. హైదరాబాదులో ఇది కొత్తది కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ (1844–1905) ఘోషా స్త్రీల కోసం 1892లో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. ఫొటో తీసే చోటనే పరాయి చూపు పడకుండా చేసిన ఏర్పాటది. ఇప్పుడు ఫొటో తీసేది ఇంట్లోవాళ్లే. పరాయి చూపు ప్రింటు దగ్గర ఎదురవుతుంది. పెన్‌డ్రైవ్‌లోనో, మెయిల్‌లోనో ల్యాబ్‌కు చేరిన కుటుంబ ఫొటోలు ఆ కంప్యూటర్‌లో ఎన్నాళ్లుంటాయో ఇచ్చినవారికి తెలియదు. పసిపిల్లల స్నానాల ఫొటోలు, శవం పక్కన తీసిన ఫొటోలు వంటి వాటికి ఇంటి ప్రింటర్ ఇచ్చే గోప్యత నాణ్యతకు మించిన సుగుణం.

మహేశ్వరం నుంచి నగరానికి వెళ్లే దారికి దగ్గర్లోనే పహాడీ షరీఫ్ దర్గా గుట్ట ఉంది. ఆ చుట్టుపక్కల ముస్లిం కుటుంబాలకు ప్రింటు ప్రశ్న మరో కోణంలో ఎదురవుతుంది. ప్రాణుల బొమ్మలు చేయడాన్ని ఇస్లాం ధర్మశాస్త్ర పండితుల్లో ఎక్కువమంది నిషిద్ధంగా చూస్తారు. ఫొటో ఆ కోవలోకి వస్తుందా? 20వ శతాబ్దం తొలినాళ్లలో ఈజిప్టు ముఫ్తీగా ఉన్న ముహమ్మద్ బఖీత్, ఫొటో అంటే నీడను నిలిపి ఉంచడమేననీ, కొత్త సృష్టి కాదనీ అనుమతించారు. దక్షిణాసియా పండితులు చాలామంది ఒప్పుకోలేదు. హజ్ ప్రయాణానికి పాస్‌పోర్టు ఫొటో తప్పనిసరి గనక దాన్ని అవసరం కింద సడలించారు. డిజిటల్ వచ్చాక వాదం ప్రింటు చుట్టూ తిరిగింది. తెర మీద వచ్చిపోయే రూపం అద్దంలో ప్రతిబింబం లాంటిదనీ, కాగితం మీద నిలిచినప్పుడే అది బొమ్మ అవుతుందనీ పాకిస్తాన్‌కు చెందిన ముఫ్తీ తఖీ ఉస్మానీ వంటివారి అభిప్రాయం. దేవబంద్‌లోని దారుల్ ఉలూమ్ మదర్సా ఈ తేడాను అంగీకరించదు. ఉస్మానీ అభిప్రాయాన్ని పాటించే ఇంట్లో ప్రింట్ బటన్ నొక్కడమే ధర్మాధర్మాలు తేలే క్షణం. బటన్ నొక్కింది ల్యాబ్ ఉద్యోగి అయినా ఆర్డరిచ్చిన బాధ్యత తప్పదు. భాగవతం స్థిరాస్థిరాల మీద పెట్టిన గీతనే ఇంకో శాస్త్రం వేరే అవసరం కోసం గీసుకుందనిపిస్తుంది.

చివరిది చెడిన ప్రతుల సంగతి. ఇంటి ప్రింటర్‌ను వారాల తరబడి వాడకపోతే, ముఖ్యంగా ఎండాకాలంలో, ఇంకు రంధ్రాల్లోనే గట్టిపడుతుంది. ఆ రంధ్రాలు తెరిచి ఉన్నాయో లేదో చూసే నాజిల్ చెక్ చేయకుండా ప్రింటిస్తే శివుడి ముఖం మీద అడ్డంగా తెల్లటి గీతలు పడతాయి. రంగు కుదరక రెండోది, సైజు తప్పి మూడోది తీస్తారు. ల్యాబ్‌లోనూ తప్పు ప్రింట్లు వస్తాయి, అవి ఖాతాదారు కంటపడవు. ఇంట్లో తీసినవారికి మాత్రం గీతలు పడ్డ దేవుణ్ణి చెత్తబుట్టలో వేయడానికి చేయి రాదు. భిన్నమైన, అంటే విరిగిన బింబం పూజకు పనికిరాదన్న నియమం బొట్టు పెట్టి కొలిచిన రూపానికి వర్తిస్తుంది. ఆవాహన జరగని కాగితానికి ఉద్వాసన అవసరమూ లేదు. శాస్త్రం ప్రకారం అది రంగు పూసిన కాగితమే, చించి పారేసినా దోషం లేదు. మనసు ఒప్పనివారు మామూలు కాగితం మీద, రంగులు తగ్గించి, చిన్న సైజులో ముందు ఒక నమూనా తీసి చూసుకుంటే ఇలాంటి ప్రతులు తగ్గుతాయి.

పూజలందుకుని వెలిసిపోయిన పటాలకు మాత్రం ఉద్వాసన మర్యాద ఉంది. వాటిని గుడి దగ్గర రావిచెట్టు మొదట్లో గాజూ మేకులతో సహా వదిలేసి రావడం ఊళ్లలో రివాజైంది. కొందరు చెరువులో వేస్తారు. నీటిలో కరిగే ఇసుక, మట్టి ప్రతిమలకు నిమజ్జనం అర్థవంతం. ల్యాబ్ ఫొటో కాగితానికి రెండువైపులా పాలిథీన్ పూత ఉంటుంది, లామినేషన్ చేయిస్తే ఇంకో ప్లాస్టిక్ పొర చేరుతుంది. ఇవి నీటిలో కరగవు, కాలిస్తే చెడు పొగ వస్తుంది. పూత లేని మామూలు కాగితం మీది ఇంటి ప్రింటును నీళ్లలో నానబెట్టి, ముద్ద చేసి చెట్టు మొదట్లో పాతిపెట్టవచ్చు. మెరుపు ఫొటో పేపర్లలో కూడా ప్లాస్టిక్ పూత ఉన్నవి ఎక్కువే కనుక కొనేటప్పుడే చూసుకోవాలి. ల్యాబ్ పటమైతే దణ్ణం పెట్టి, గాజు, చెక్క, కాగితం విడదీసి, గాజునూ ఫ్రేంనూ కొత్త పటానికి వాడుకోవడం ఉత్తమం.