సమదుఃఖి

అరణ్యవాసమున ధర్మరాజు తనకంటె దురదృష్టవంతుడు లోకమున కలడా యని బృహదశ్వ మహర్షిని అడిగెను. మహర్షి వేదాంతము బోధింపలేదు. జూదమున రాజ్యము పోగొట్టుకొని అడవులపాలైన నలుని కథ చెప్పెను. భీముడు, ద్రౌపది ప్రక్కనే ఉన్నను ధర్మరాజు మనస్సు వెదకినది తనవంటి వానిని.

కొండపల్లిలో తెల్లపొణికి కొయ్యతో బొమ్మలు చెక్కు యువకునికి 22వ ఏట కేన్సరు సోకినదనుకొందము. తల్లి మ్రొక్కులు మ్రొక్కును. తండ్రి అప్పుచేసి వైద్యము చేయించును. వారి ప్రేమకు లోపము లేదు. అయినను పెండ్లిమాట వచ్చినప్పుడు రోగము సంగతి చెప్పుట ఎట్లు, సంతానము కలుగునా అను ప్రశ్నలు తల్లి కన్నీటి ఎదుట నోటికి రావు. ఆసుపత్రిలో అటు వృద్ధులు, ఇటు పసిపిల్లలు. నడుమ అతడు ఒంటరి.

ముంబయిలో ఇండియన్ కేన్సర్ సొసైటీ అండతో, బాల్యమున ఈ రోగమును జయించినవారు 2009లో ‘ఉగమ్’ అను సంఘముగా ఏర్పడి ఒకరికొకరు తోడైరి.

సంబంధములు చెడునని పెద్దలు రోగమును దాచుదురు. అదియు ప్రేమయే. కాని దాచిన ఇంటికి సమదుఃఖి ఎట్లు రాగలడు? ఎవరికి చెప్పవలెనో నిర్ణయించుట రోగి హక్కు. తోటివారిని కలిసికొననిచ్చుట పెద్దల ధర్మము.

బృహదశ్వుడు ఓదార్చి ఊరకుండలేదు, అక్షహృదయమును సైతము ఉపదేశించెను. ఔషధమిచ్చువాడు వైద్యుడే, నోరు పూసిన దినమున అన్నము మ్రింగు ఉపాయము చెప్పువాడు మాత్రము ఆ బాధ పడినవాడు. అందరును గట్టెక్కకపోవచ్చును. అయినను ఆ దారిలో ఎవ్వరును ఒంటరిగా నడువరాదు.