అనాథ బిడ్డకు ఏది ఇల్లు?



తల్లిదండ్రుల నీడ లేని బిడ్డను శరణాలయంలో ఉంచడం మేలా, మరో కుటుంబంలో ఉంచడం మేలా? ఈ ప్రశ్న మనకు దూరమైనది కాదు. 2025 జూన్ 30న పాశమైలారం కర్మాగారంలో జరిగిన పేలుడులో నలభై మందికి పైగా మరణించారు. వారిలో చాలామంది పొట్ట చేతబట్టుకొని పరాయి రాష్ట్రాల నుండి వచ్చినవారే. అలాంటి వారి బిడ్డలకు ఇక్కడ మేనమామ తోడు కూడా ఉండదు.

శరణాలయాలను చిన్నచూపు చూడరాదు. దిక్కులేని వేళ అన్నం, చదువు ఇచ్చినవి అవే. ఎందరో మఠకన్యలు వాటికోసం జీవితాలు ధారపోశారు. అయినా రుమేనియాలో 136 మంది శరణాలయపు పసివారిని పరిశీలించి, 2007లో ఫలితాలు వెల్లడించారు. కుటుంబాలకు అప్పగించిన వారి తెలివితేటలు మెరుగ్గా ఎదిగాయి. ఎంత చిన్న వయసులో వెళితే అంత మేలు జరిగింది. ఇందులో వింత లేదు. ఆయాకు షిఫ్టు మారుతుంది, అమ్మకు మారదు.

మన దేశపు 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కూడా శరణాలయాన్ని చివరి మార్గంగానే చూస్తుంది. సాకుడు కుటుంబం, అంటే ఫోస్టర్ కేర్, దత్తత కాదు. బాలల సంక్షేమ సమితి ఆజ్ఞతో బిడ్డను కొంతకాలం పెంచడం. తల్లి బ్రతికి ఉంటే ముందు ఆమెకే చేయూతనివ్వాలి. మిషన్ వాత్సల్య పథకం 2022లో ఈ రెండింటికీ బిడ్డకు నెలకు 4,000 రూపాయలు నిర్ణయించింది.

మరి కుటుంబమైతే చాలునా? చాలదు. తెచ్చుకున్న బిడ్డచేత అంట్లు తోమించే ఇంటికంటే మంచి శరణాలయమే నయం. అందుకే సమితి తనిఖీ తప్పనిసరి.

ఎవరికి చెందవలసినది వారికి ఇవ్వాలనే స్థిర సంకల్పమే న్యాయమని పునీత తోమాసు అక్వినాసు గారు బోధించారు. పుట్టినరోజున శరణాలయానికి బియ్యం బస్తా ఇవ్వడం దయ. ఇచ్చి, మన ఇంటికి మనం వచ్చేస్తాము. కాని కుటుంబం బిడ్డకు మనం వేసే భిక్ష కాదు, అది బిడ్డ హక్కు. దయకు మన వీలు చూసుకోవచ్చు, న్యాయానికి బిడ్డ అవసరమే చూడాలి.

కొల్లూరులో 2023లో ఒకేచోట 15,660 రెండు పడకగదుల ఇళ్లు ప్రారంభమయ్యాయి. మనవి చిన్న ఇళ్లే కావచ్చు. సాకుడు తండ్రి పునీత జోజప్ప గారు కూడా ధనికులు కారు, వడ్రంగి.

ఈ ఆదివారం పూజ తరువాత భార్యాభర్తలు కూర్చుని మాట్లాడుకోండి. మన పిల్లల కంచాల పక్కన ఇంకొక కంచం పెట్టగలమా? పెట్టలేకపోతే, పక్కింటి వితంతువు తన బిడ్డను తానే పెంచుకొనేలా ఏమి చేయగలం?